నారింజ మెడ గబ్బిలం

బెయిర్న్స్‌డేల్,
డిసెంబరు 29

ప్రియమైన హేజెల్ అక్కకు,

నీ చెల్లెలు డోరీన్ రాసేది. ఇక్కడ నేనూ నీ కూతురూ లేచి తిరుగుతూనే ఉన్నాం. అక్కడ దీవిలో నీ మోకాలి నొప్పి, బావ దగ్గు తగ్గుముఖం పట్టాయని తలుస్తాను. నువ్వు పంపిన ఉప్పు వేసిన సముద్రపక్షి మాంసం అందింది. టాంసిన్ ఒక్కతే సగం తినేసింది.

ఈ డిసెంబరు వేసవి ఎండల గురించి అడిగావు. పద్దెనిమిదో తేదీన నలభై నాలుగు డిగ్రీలు. మధ్యాహ్నం రెండింటికి నది ఒడ్డు చెట్ల మీంచి గబ్బిలాలు రాలడం మొదలైంది. గబ్బిలాలను కాపాడే మా బృందాన్ని నడిపే గ్రేమ్ పురమాయిస్తుంటే పదకొండుమందిమి వీపులకు నీళ్ల డబ్బాలు కట్టుకుని చల్లాం. చల్లిన చోట పది బతికితే, పక్క చెట్టు కింద వంద పడ్డాయి. చచ్చిన తల్లుల రెక్కల కింద పిల్లలు ఇంకా పాలు చీకుతున్నాయి. వాటిని విడదీసి తువ్వాళ్లలో చుట్టడం నా పని.

"కాసేపు కూచో పిన్నీ. నువ్వు పడితే చుట్టడానికి మా దగ్గర అంత పెద్ద తువ్వాలు లేదు" అంది టాంసిన్. ఆ రోజు నేను మనసారా నవ్వింది ఆ ఒక్కసారే.

మా వరండాలో తెచ్చి పెట్టుకున్న గబ్బిలం తల్లీపిల్లా ఎలా ఉన్నాయని అడిగావు. లేవక్కా. రెండూ లేవు. ఫోనులో అయితే సగంలోనే ఆపేస్తానని రాస్తున్నాను.

ఆ నారింజ మెడ తల్లిని కింది కొమ్మ నుంచి దించుతుంటే, చేతితొడుగు దాటి నా బొటనవేలిలో పన్ను దిగింది. సాయంత్రం గ్రేమ్ అందరినీ వరసగా అడిగాడు. "ఎవరికైనా గీరిందా, కరిచిందా? సిగ్గుపడకండి."

"లేదు" అన్నాను.

"డోరీన్‌ను కరిస్తే సూది గబ్బిలానికే వేయించాలి" అన్నాడు. అందరితోపాటు నేనూ నవ్వాను.

కరిచిందని చెబితే, పిచ్చికుక్క కాటుతో వచ్చే రేబిస్ లాంటి గబ్బిలాల జబ్బు ఉందేమోనని దాన్ని చంపి మెదడు పరీక్షకు పంపుతారు. అన్ని చావులు చూసిన రోజున ఆ ఒక్కదాన్నీ నా నోటితో చంపించలేకపోయాను. ఇంకోటి కూడా ఉంది. నా రక్తంలో రేబిస్ టీకా బలం తగ్గిందనీ, మళ్లీ వేయించుకునేదాకా గబ్బిలాలను ముట్టుకోవద్దనీ నవంబరులోనే నాకు ఉత్తరం వచ్చింది. చదివి బట్టల కింద పెట్టేశాను.

మూడో రోజుకు అది వేలాడలేక నేల మీద పాకింది. అందినదల్లా కొరకసాగింది. వడదెబ్బే అనుకున్నాను. అలా అనుకోవాలనుకున్నాను. నేను బజారుకు వెళ్లినప్పుడు టాంసిన్ దానికి పండ్ల రసం పట్టబోయింది. మణికట్టు మీద కరిచింది.

తను నాలా దాచలేదు. వెంటనే గ్రేమ్‌కు ఫోను చేసింది. తల్లిని తీసుకెళ్లారు. దాని పాలు తాగిన పిల్లనూ బతకనివ్వలేదు. పరీక్షలో ఆ జబ్బు ఉందని తేలింది. మనిషిలో ఒకసారి లక్షణాలు బయటపడితే మందు లేని జబ్బు.

అప్పుడు నా బొటనవేలు చూపించాను. టాంసిన్ నా చేయి పట్టుకుని ఆ గాటును వెలుతురుకు తిప్పి చూసింది.

"మొదటి రోజే చెప్పి ఉంటే నేను దాన్ని ముట్టుకునేదాన్నే కాదు కదా, పిన్నీ" అంది. అరవలేదు. "అమ్మకు నేను చెప్పను. నువ్వే రాయి."

ఇద్దరికీ సూదులు వేశారు. తన టీకాలన్నీ సరిగా ఉన్నాయి కాబట్టి తనకు భయం లేదనే అంటున్నాడు డాక్టరు. నా సంగతి మాత్రం నెలలు గడిస్తే గానీ చెప్పలేనన్నాడు. గ్రేమ్ నన్ను బృందంలోంచి తీసేశాడు. తప్పు పట్టను. టాంసిన్ నాతో అవసరానికి మించి మాట్లాడడం లేదు. కానీ నేను మళ్లీ సూదికి వెళ్లాల్సిన తేదీలు తనే రాసి గోడకు అంటించింది.

నన్ను నమ్మి నీ కూతుర్ని నా ఇంటికి పంపావు. నేను ఒక గబ్బిలాన్ని కాపాడబోయి నీ బిడ్డను దాని నోటి ముందు పెట్టాను.

శుక్రవారం విమానానికి వస్తానన్నావు. టాంసిన్ నీకు ఎదురొస్తుంది. నేను రాను. ముందు తన మణికట్టు చూసుకో. తర్వాత ఇంటికి వచ్చి నన్ను ఏమనాలో అను, వింటాను.

ఇట్లు,
నీ చెల్లెలు
డోరీన్