జల్లెడ పట్టిన జొన్న

ప్రియమైన పొట్టికి,

అంత పెద్ద ఆఫీసులో కంప్యూటర్ ముందు కూర్చున్నా నాకు నువ్వు పొట్టివే, మొహం మాడ్చుకోకు. ఇక్కడ ఫోను పలకదు కాబట్టి నీ పరీక్షకి పంపే ఆకుల పెట్టెలోనే ఉత్తరం పెడుతున్నాను. బండి నడిపే బాబాయి జాగ్రత్తగా చేరుస్తానన్నాడు.

కరువుకి ఏ రకం జొన్న తట్టుకుంటుందో చూడాలని నీళ్ళు ఆపి నెల దాటింది. ఎండ నిప్పులు చెరుగుతోంది. వరుసలన్నీ ఆకులు చుట్టుకుని ఎండిపోయాయి. ఏడో వరుసకి మాత్రం చీమ కుట్టినట్టయినా లేదే! పచ్చగా నిలబడి ఉంది. రోజూ వెళ్ళి దాంతో కాసేపు కబుర్లు చెబుతాను. నిన్ను పెంచిన అలవాటు, ఎక్కడికి పోతుంది? గొంతు పిడచకట్టుకుపోతున్నది నాకే. కూజాలు కూజాలు తాగినా దాహం తీరడం లేదు. ఈ ఆకుల జన్యువుల్లో ఏముందో త్వరగా చూసి చెప్పు.

నీ మీద పెత్తనం మానని
అక్క


పెద్దరికం ఒలకబోసే అక్కకు,

గ్లవుజులు వేసుకోమని ఎన్నిసార్లు చెప్పాలి తల్లీ! ఏడో వరుస ఆకుల్లో మనిషి డీఎన్ఏ కూడా వచ్చింది. చెయ్యి తగిలితే కాస్త అంటుకోవడం మామూలేలే. నా ప్రోగ్రాము జల్లెడ లాంటిది. జొన్నది ఉంచుకుని, కానిదాన్ని కింద పారేస్తుంది. అంటే ప్రతివారం నిన్ను చెత్తబుట్టలో వేస్తున్నది నేనే!

అసలు కబురు విను. లెక్కలన్నీ ఏడో వరుస వైపే చూపిస్తున్నాయి. పెద్దసారుకి చెప్పేశాను, ఆయన ఎగిరి గంతేశారు. గింజ ముదరగానే ఆ వరుస మొత్తం కోయించి విత్తనం తీస్తారట. ఎన్ని ఊళ్ళ కడుపు నిండుతుందో అక్కా! నువ్వు మాత్రం నీళ్ళు బాగా తాగు.

నిన్ను వారం వారం పారేసే
పొట్టి


నా బంగారు పొట్టికి,

ఇక నన్ను తిట్టకు. ఈసారి నేను ఆకు ముట్టుకోనే లేదు. బాబాయే గ్లవుజులు వేసుకుని కత్తిరించి, సంచుల్లో వేశాడు.

దాహం పోయింది, సంతోషమేగా? పొద్దున పోసుకున్న గ్లాసు సాయంత్రానికి అలాగే ఉంటోంది. తిండి మీద కూడా ధ్యాస లేదు. మధ్యాహ్నం ఎండకి ఒళ్ళు చుట్టుకుపోతుంది, పొద్దు వాలితే తనే విప్పుకుంటుంది. చెప్పులు వదిలేశాను. మట్టిలో కాళ్ళు పెడితే ఎంత హాయిగా ఉందనుకున్నావ్!

నిన్న తమాషా జరిగింది. ఏడో వరుసలో నిలబడి ఉంటే బాబాయి నా భుజాన్ని రాసుకుంటూ వెళ్ళి, "అమ్మాయ్, ఎక్కడున్నావమ్మా?" అని ఒకటే కేకలు. చత్వారం వచ్చినట్టుంది పాపం.

చల్లగా ఉన్న
అక్క


అక్కా,

పలకరింపులకి ఓపిక లేదు. బాబాయి కోసిన ఆకుల్లోనూ మనిషి డీఎన్ఏ ఉంది, ఇంతకుముందు కంటే ఎక్కువగా. పారేసినదంతా మళ్ళీ ఏరి, నా డీఎన్ఏతో పోల్చి చూశాను. ఒక తల్లి బిడ్డలకి ఎంత కలవాలో అంత కలిసింది. అది బాబాయిది కాదు, నీది.

ఆ వరుస దగ్గరికి వెళ్ళకు. దూదిపుల్లతో బుగ్గ లోపల రుద్ది ఇదే బండిలో పంపు. కోత ఆపమని పెద్దసారుని బతిమాలాను. "నమూనాకి మురికి అంటితే పైరుదేం తప్పమ్మా?" అని నవ్వేశారు.

నీళ్ళు తాగు. నా మీద ఒట్టు.

భయంతో
పొట్టి


పొట్టీ,

దూది పంపుతున్నాను. నోట్లో తడి లేదు, సరిపోతుందో లేదో.

చిన్నప్పుడు నువ్వు ఏడిస్తే నా గ్లాసులో నీళ్ళు కూడా నీకే పోసేదాన్ని, గుర్తుందా? ఈ మొక్కలకీ అంతే. అడిగితే కాదనలేకపోయాను. ఇందులో భయపడటానికి ఏముందే పిచ్చీ? పెన్ను పట్టుకోవడమే కష్టంగా ఉంది, వేళ్ళు వంగడం లేదు.

ఎండ బాగుంది.

అక్క


నా అక్కకు,

నీ దూదిని అదే జల్లెడలో వేశాను. కింద ఏమీ పడలేదు. నువ్వు పంపినదంతా జొన్నే.

సంచులు తారుమారయ్యాయేమోనని మళ్ళీ చేశాను. మళ్ళీ అదే. సంచి మీద ఉన్నది నీ చేతిరాతే, ఎంత వంకరగా ఉన్నా నేను పోల్చుకోలేనా?

నీ గది ఖాళీగా ఉందని, చెప్పులు ఏడో వరుస మొదట్లో ఉన్నాయని బాబాయి చెప్పాడు. అందుకే ఈ ఉత్తరం వరుస మధ్యలో నిలబడి గట్టిగా చదవమని ఆయనకే ఇచ్చి పంపుతున్నాను. వినబడుతోందా అక్కా?

రేపే కోత. కొడవళ్ళ వాళ్ళు బయలుదేరారు. వాళ్ళకంటే ముందు చేరాలని నేనూ వస్తున్నాను, నీళ్ళు తెస్తున్నాను. ఈసారి ముందు నువ్వు తాగాలి.

వచ్చి "అక్కా" అని పిలుస్తాను. పలకలేకపోతే ఒక్క ఆకు కదుపు. గాలి లేనప్పుడు కదుపు. లేకపోతే ఆ వరుసలో నువ్వెవరో నాకు తెలియదు.

నీ నీళ్ళు తాగి పెరిగిన
పొట్టి