పిండి పిసికిన చెయ్యి

ఆడి నెల 7, మంగళవారం
మనవరాలు రాజికి నాలుగో రోజూ జ్వరం. మందుల అంగట్లో మాత్రలు తెచ్చి, రోజూ ముద్ద కలిపి పెట్టే చేత్తో నేనే మింగించాను. కోడలు ఆస్పత్రి అంటుంది. డెబ్బయి నాలుగేళ్లు... నేనొక సూది వేయించుకున్నానా?

ఆడి 10, శుక్రవారం
అమ్మవారికి పిండి దీపం. పచ్చి బియ్యప్పిండి, బెల్లం — వంశంలో పెద్దవాడి చెయ్యే పిసకాలి. దీపం కొండెక్కాక ఆ పిండే పిల్లలకు ముద్దలు. మొదటి ముద్ద రాజికి. కక్కేసింది. మదురై ఆస్పత్రికి బస్సు. రక్తం తీశారు.

ఆడి 13, సోమవారం
రక్తపరీక్ష కాగితానికి నేనే వెళ్లాను. "నో గ్రోత్. ఏ క్రిమీ పెరగలేదు తాతా" అంది ల్యాబు పిల్ల. లేదంటే లేదు! డాక్టరమ్మకు చూపకుండానే తిరుగు బస్సెక్కాను. మాత్రలు ఆపించాను.

ఆడి 16, గురువారం
రాజి కళ్లు తెరవదు. ఆస్పత్రిలో పెట్టారు. డాక్టరమ్మ మనవాళ్ల పిల్లే, మన తెలుగులోనే తిట్టింది. "రక్తం తీయకముందే మాత్రలిస్తిరే తాతా! దాంతో ల్యాబు గిన్నెలో క్రిమి పెరగలేదు. పిల్ల కడుపులో ఉండాది. టైఫాయిడు."


ఆడి 23, గురువారం
ఇంట్లో అందరికీ మలం పరీక్ష చేశారు. నాదొక్కదానిలోనే ఆ క్రిమి పెరిగింది. నాలో!
"నాకు జ్వరమే లేదే!"
"లేకున్నా పిత్తసంచిలో కాపురముంటాది తాతా, నీ చేతి గుండా తిండిలోకి పోతాది. వయసులో ఎప్పుడన్నా నెలకొద్దీ జొరమొచ్చిందా?"
"లేదు."
అబద్ధం. తిరుప్పూరులో బనియన్ల పనిలో ఉన్నప్పుడు నెల రోజులు చాప మీదే... పెళ్లి చెడుతుందని ఎవరికీ చెప్పలేదు.
ప్రతి ఆడిలోనూ ఎవరో ఒక పిల్లకు జ్వరం. ఎండ అనుకున్నాం.

ఆడి 24, శుక్రవారం
డాక్టరమ్మతో నిజం చెప్పాను. నాకూ నెల మాత్రలు. అవి అయ్యాకే మూడుసార్లు పరీక్ష, అందాకా ఇంకొకరి తిండి ముట్టకూడదు. రాజి గంజి తాగింది.

ఆడి 30, గురువారం
రాజి ఇల్లు చేరింది. తమ్ముడు ఊరుకోక నాకు మళ్లీ పరీక్ష చేయించాడు. కాగితం ఊపుతూ వచ్చాడు. "నో గ్రోత్ అంట అన్నా! రేపటితో ఆడి సరి, కడాసి శుక్రవారం, నువ్వే పిసకాల."
అవే రెండు మాటలు. నేనింకా మాత్రలు మింగుతూనే ఉన్నాను.

ఆడి 31, శుక్రవారం
పళ్లెంలో పిండి పోశారు. తమ్ముడు చెంబు పట్టుకుని నిలబడ్డాడు. "పెద్దోడు బతికుండగా నా చెయ్యి పడితే అమ్మ ఒప్పుతాదా? ఊరంతా ఏమంటారు?" కోడలు నా చేతుల్నే చూస్తోంది.
పంచె మార్చుకొస్తానని లోపలికి వచ్చి తలుపేశాను. ఇది రాస్తున్నాను.
రాజి తలుపు కొడుతోంది. "తాతా, ముద్ద..."