బాలుకి తోడు

భిలాయి,
జూలై 1993.

భాగ్యక్కకి,

విజయనగరంలో నువ్వూ బావగారూ కులాసా అని తలుస్తాను. నా తెలుగు చూసి బావగారు నవ్వితే నవ్వనీ. హిందీలో తిడితే నాకు కసి తీరడం లేదు.

రాయ్‌పూర్ గవర్నమెంటు ఇంజనీరింగ్ కాలేజీలో నాకు సీటొచ్చిందని మురిసిపోతూ రాశావు కదా. ఆ సీటు పోయింది. స్టీలు ప్లాంటులో నాన్న పనిచేసే మిల్లుకి ఆఫీసరు రామమోహనరావు గారి అబ్బాయి బాలు నా క్లాసే. వాడికి సీటు రాలేదు. ఊరి చివర హథ్‌ఖోజ్ ఫ్యాక్టరీ షెడ్ల అవతల కొత్తగా పెట్టిన ప్రైవేటు కాలేజీలో చేర్పిస్తున్నారు. ఆయన నాన్నని పిలిచి, "గవర్నమెంటు కాలేజీలో ఏముంది గురునాథం, సమ్మెలు తప్ప. మీవాణ్ణి మా బాలుకి తోడుగా ఇక్కడే చేర్పించు. ఫీజు నేను చూసుకుంటాను" అన్నారట. నాన్న సరేనని వచ్చేశారు.

నేను ఎగిరిపడితే, "మీ అమ్మ ఆపరేసను నాడు రగతం ఇచ్చిన మనిసిరా. ఆయన నోరిడిసి అడిగితే కాదంటానేటి?" అన్నారు. రక్తం అమ్మకిచ్చి వసూలు నా దగ్గర చేసుకుంటున్నాడు ఆ పెద్దమనిషి.

సరే, తోడుంటాను. రోజూ బాలు స్కూటరు వెనక కూర్చుని వెళ్తున్నాను. వాడి డ్రాయింగులు నేనే గీస్తాను, రికార్డులు నేనే రాస్తాను, అడక్కముందే చేసిపెడతాను. వాడికి పెన్సిలు చెక్కుకునే అవసరం కూడా రానివ్వను. పరీక్ష హాల్లో మాత్రం వాడొక్కడే కూర్చోవాలి కదా. ఆయన కొడుకుని ఎందుకూ పనికిరాకుండా చేసి ఆయనకే అప్పగిస్తాను. ఆ రోజు ఆయన మొహం చూడాలి, పక్కనే నాన్న మొహం కూడా చూడాలి. అమ్మకి ఈ సంగతి రాయకు.

నీ తమ్ముడు,
రాజేశ్

భిలాయి,
జనవరి 1994.

అక్కా,

పాపం తగులుతుందని రాశావు. తగిలితే తగలనీ.

పని బ్రహ్మాండంగా సాగుతోంది. బాలు వాళ్లమ్మ అహల్య గారు నన్ను చూస్తే చాలు చేగోడీలు పెడతారు. "నువ్వుండబట్టి మావాడు గట్టెక్కుతున్నాడు నాయనా" అంటారు. నేను తల వంచుకుని తింటాను. ఎంత రుచిగా ఉంటాయో.

మొన్న బాలు పుస్తకం పట్టుకొచ్చి, "ఈ లెక్క ఎలా చేయాలో చెప్పు భయ్యా" అన్నాడు. "నీకెందుకురా, నేను చేసిస్తాను" అని పుస్తకం లాక్కున్నాను. వాడు నేను రాసిచ్చిన రికార్డు తీసుకుని వెళ్లిపోయాడు.

రాజేశ్

భిలాయి,
జూలై 1994.

అక్కా,

బాలు అన్ని పేపర్లూ తప్పాడు. నేను ఫస్టు క్లాసులో పాసయ్యాను.

నిన్న సాయంత్రం రామమోహనరావు గారు బాలుని వెంటబెట్టుకుని మన క్వార్టరుకి వచ్చారు. "మీవాడు మా బాలుకి ఏమీ నేర్పలేదు గురునాథం. ఇక ఫీజు కట్టను" అన్నారు. నాన్న చేతులు జోడించి, "ఇంకో ఏడు సూడండి బాబూ" అన్నారు. నాకు ఒళ్లు మండిపోయింది. నేను నోరు తెరిచేలోపు బాలు మాట్లాడాడు.

"నాకు వచ్చు నాన్నా. వీడు రాసిచ్చిన రికార్డులు చూసి అన్నీ నేర్చుకున్నాను. పేపర్లు ఖాళీగా ఇచ్చేశాను. నేను పాసైతే వీడు ఇంకో మూడేళ్లు నా స్కూటరు వెనకే కూర్చోవాలి. ఫెయిలైతే ఇద్దరం దిగిపోవచ్చు."

రామమోహనరావు గారు వెళ్లిపోయారు. బాలు మాత్రం అక్కడే నిలబడ్డాడు. నాన్న వాణ్ణి కూర్చోబెట్టి, మంచినీళ్లిచ్చి, "మరి నీకేటి సదవాలనుందమ్మా?" అని అడిగారు. వాడు ఏడ్చేశాడు. ఆ మాట వాణ్ణి ఎవరూ అడగలేదట.

ఏడాదంతా వాడి మీద పగ తీర్చుకుంటున్నాననుకున్నానక్కా. వాడు నాకోసం ఫెయిలయ్యాడు. వాడి భుజమ్మీద చెయ్యి వేయాల్సింది. కానీ నాకు నాన్న మాటే చెవుల్లో గింగురుమంటోంది. బాలు వెళ్లగానే అడిగేశాను. "ఆ మాట నన్నెందుకు అడగలేదు నాన్నా? వాడు నీ కొడుకా, నేనా?" అన్నాను. వచ్చే ఏడు ఎంట్రన్సు పరీక్ష మళ్లీ రాస్తాననీ, సీటొస్తే ఎవరు రక్తం ఇచ్చినా రాయ్‌పూర్ వెళ్తాననీ అన్నాను.

నాన్న తల దించుకున్నారు. "మల్లీ రాయిరా" అన్నారు, అంతే. నా మొహం చూడలేకపోయారు. అది చూడాలనే కదా ఏడాదిపాటు కాచుకుని కూర్చున్నాను. తీరా చూశాక అక్కడ నిలబడలేక బయటికొచ్చేశాను.

రాజేశ్