డ్యూటీ సంచిలో ఫుట్‌బాల్ బూట్లు

ఆదివారం. మీరు పోయి నేటికి ఏడాది.

చదవరని తెలిసినా మీకీ కబురు చెప్పాలి. మన మనవరాలు లావణ్య, నేను వద్దన్నానని, స్కూల్లో ఉన్నప్పుడే ఫుట్‌బాల్ మానేసిందని నా లెక్క. నిన్న దాని కాలేజీ జట్టు ఛాంపియన్‌షిప్ గెలిచింది. గోల్‌కీపర్ అదే. రాష్ట్ర శిబిరానికి పిలిచారట. వెళ్లనా అని నన్ను అడగడానికి భయపడుతూ తలుపు దగ్గర నిలబడింది.

"బూట్లు ఇన్నాళ్లు ఎక్కడ దాచినవే?" అన్నాను.

"తాత డ్యూటీ సంచిల, అవ్వా. బొగ్గు మసి అంటుతదని నువ్వు దాన్ని ముట్టవని తాతనే చెప్పిండు."

నిజమే. మీరు గనికి తీసుకెళ్లే ఆ సంచిని వరండా కొక్కెం దాటి లోపలికి రానివ్వలేదు నేను. ఈ ఉదయం నేనే ఉతికాను.

ఇక జరగాల్సినవి:

1. లావణ్య రేపే శిబిరానికి వెళ్లాలి.
2. బూట్లు ఆ సంచిలోనే వెళ్లాలి, ఈసారి దాచడానికి కాదు.
3. వచ్చే ఆటకు నేనూ వెళ్లాలి. దాన్ని హుషారు చేస్తూ గట్టిగా అరవడం మీకే వచ్చు, నేనూ నేర్చుకోవాలి.