కాల్చినవాడే తుడవాలి

దోహా,
శుక్రవారం.

బిల్కిస్‌కు అస్సలాము అలైకుం. నువ్వు, అమ్మీ, అయాన్ అల్లా దయవల్ల కులాసాగా ఉన్నారని తలుస్తాను. నా ఒంటికి ఏ లోటూ లేదు. మనసు సంగతి కింద రాస్తాను, తొందరపడి ముందే చివరి పేజీ తిప్పకు.

ఫోన్ ఉండగా ఉత్తరమేమిటని నవ్వుతావని తెలుసు. ఫోన్లో నేను ఒక మాట అనేలోపు నువ్వు నాలుగంటావు, గదిలోవాళ్లంతా చెవులు రిక్కిస్తారు. నా గదిలో ఉండే జలంధర్ సెలవు మీద జగిత్యాలకు వస్తున్నాడు, అతని చేతికే ఇస్తున్నాను. ఉర్దూ రాయడం మనిద్దరికీ రాదు కనుక బడిలో నేర్చిన తెలుగే దిక్కు.

అమ్మీ మోకాళ్లకు నూనె అడిగావు, పంపాను. అయాన్ బూట్లు ఇక్కడి ఏషియన్ టౌన్ బజారులో కొన్నాను. రంగు చూసి నన్ను తిట్టొద్దు, ఉన్న రంగులన్నీ అంత దరిద్రంగానే ఉన్నాయి. చేతుల వాసన తగ్గిందా అన్నావు. ఎక్కడ తగ్గుతుంది? తుపాకీ మసి గోళ్లలోకి దిగితే ఏ సబ్బుకూ లొంగదు. అన్నం కలుపుకుంటే అన్నం కూడా తుపాకీమందు కంపే కొడుతుంది. ఆకలి ఉండీ కంచం తోసేసిన రోజులున్నాయి.

ఇక ఫ్యామిలీ వీసా ఏమైంది, అయాన్ టీసీ తీసుకోనా అని అడిగావు. దానికి జవాబు చెప్పాలంటే రెండు తుపాకుల సంగతి చెప్పాలి. ఓపిగ్గా చదువు.

దుఖాన్ రోడ్డులో మా షూటింగ్ క్లబ్బు ఉంది కదా, దాని యజమాని అబూ నాసర్ పాత రైఫిళ్లు తీసేసి కొత్తవి కొనాలనుకున్నాడు. తన తర్వాత కొడుకుల కాలానికి కూడా నిలవాలట. చూడటానికి రెండు రకాలు తెప్పించాడు. రెండూ తూటా పేలినప్పుడు పుట్టే పొగ బలంతోనే తర్వాతి తూటాను ఎక్కించుకుంటాయి. పిస్టన్ రకంలో ఆ పొగ ముందుభాగంలోనే ఒక కడ్డీని తోసి బయటికి పోతుంది. పొగగొట్టం ఉన్న పొయ్యి అనుకో. రెండోదాంట్లో కడ్డీ లేదు, పొగే సన్నటి గొట్టంలో వెనక్కి వచ్చి లోపలి యంత్రాన్ని తోస్తుంది. పొగగొట్టం లేని మీ అమ్మగారి వంటిల్లన్నమాట, చెయ్యి పెట్టిన చోటల్లా మసే. పిస్టన్‌ది బరువు. ఏదైనా విరిగితే చేసిన కంపెనీ దగ్గరే దొరకాలి, ఆ కంపెనీ మన ముసలితనం దాకా ఉంటుందో లేదో. రెండోది తేలిక, గురి బాగుంటుంది, సామాను ఎవరు చేసిందైనా సరిపోతుంది. కానీ కాల్చిన ప్రతిసారీ తుడిచి నూనె పెట్టాలి. తుడిచేవాడుంటే రెండోది, లేకపోతే మొదటిది. ఇంతే విద్య.

ఏది కొనాలో చెప్పమని పెద్దాయన నన్నే అడిగాడు. సైన్యంలో తుపాకులు బాగుచేసిన మనిషినని ఆయనకు నా మీద గురి. ఆ సంగతి తెలిసి మా స్టోర్ ఇన్‌ఛార్జి నిసార్ అహ్మద్ నన్ను పక్కకు లాగాడు. మన నిజామాబాద్ వాడే అని చెప్పుకోవడానికి సిగ్గేస్తుంది.

"అరె మియా, పిస్టన్‌ది కొనమన్నవనుకో, నిన్నెవడు ఉంచుకుంటడు? మసి ఉంటెనే మనకు మెతుకు. మసిదే కొనియ్యి, ఎప్పటికీ ఒక మనిషి కావాలె అని చెప్పు. నీ బేగం కూడ ఇక్కడికొస్తది" అన్నాడు.

పెద్దాయన ముందు వంగి వంగి సలాములు చేసే ఆ నోటితోనే అన్నాడు. అయినా పెద్దాయన అతిథులను కూర్చోబెట్టే మజ్లిస్‌లో ఖహ్వా కాఫీ గిన్నె చేతిలో పట్టుకుని నేనూ అదే మాట చెప్పాను. పెద్దాయన సంతోషించి, "అయితే ఆ రైఫిళ్లు ఉన్నంతకాలం నువ్వూ ఉంటావు, నీ ఇంటివాళ్లను పిలిపించుకో" అన్నాడు. నీకు ఫోన్లో ఖుష్ ఖబర్ చెప్పింది ఆ రోజే.

బిల్కిస్, నేను చెప్పింది అబద్ధం కాదు, నిజాన్ని మసిపూసి మారేడుకాయ చేశాను. తుడవాలి అన్నది నిజమే. దానికి ప్రత్యేకంగా ఒక మనిషి కావాలి అన్నదే మోసం. సైన్యంలో ఎవడు కాలిస్తే వాడే తుడవాలి, ఎంత పెద్ద ఆఫీసరైనా సరే. చాయ్ తాగినంత సేపటి పని. ఇక్కడ ఆయన కొడుకులు వేడి వేడి రైఫిల్ బల్ల మీద పడేసి, చేతులు దులుపుకుని బండెక్కుతారు. వాళ్లను చూస్తే అసహ్యం, నిసార్‌ను చూస్తే అసహ్యం. అద్దంలో నన్ను నేను చూసుకున్నా అంతే అయింది.

రైఫిళ్లు వచ్చాయి. పోయిన వారం పెద్దాయన నేను తుడుస్తుంటే పక్కన కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. ఆయనకు వచ్చిన కాస్త ఉర్దూలోనే అడిగాడు: "మీ ఫౌజులో ఎంతమందికి ఒక తుడిచేవాణ్ణి పెడతారు?"

వెనక నిసార్ దగ్గాడు. పదిమందికొకడు అంటే అయిపోయేది. ఆ మాట అనడానికి నోరు రాలేదు.

"ఒక్కణ్ణి కూడా పెట్టరు బాబా, కాల్చినవాడే తుడుస్తాడు" అన్నాను.

"మరి ఆ రోజెందుకు చెప్పలేదు?"

"నా భార్యను, కొడుకును తెచ్చుకుందామని."

ఆయన తిట్టలేదు. తిట్టినా బాగుండేది. నా చేతుల వంక చూసి, లోపలికి వెళ్లి కొడుకులిద్దరినీ పిలుచుకొచ్చాడు. "ఈయన దగ్గర నేర్చుకోండి, ఇకనుంచి మీరే తుడుచుకోవాలి, అతిథులు కూడా" అన్నాడు. పెద్దకొడుకు మసి గుడ్డను రెండు వేళ్లతో, చచ్చిన ఎలుకను తోక పట్టుకున్నట్టు పట్టుకుని మొహం చిట్లించాడు. నాకు నవ్వొచ్చింది. చాలా రోజుల తర్వాత ఆ రోజు కడుపునిండా తిన్నాను.

నిసార్ మాత్రం, "నీ తాన దిమాగ్ మాఫీ, బుర్రనే లేదు. నీ పొట్ట నువ్వే కొట్టుకున్నవ్" అన్నాడు. ఆ మాట నిజమే. కొడుకులకు పని నేర్పడం అవగానే నా పని కూడా అయిపోయినట్టే అని పెద్దాయన చెప్పేశాడు. వీసా మాట ఆయన ఎత్తలేదు, నేనూ అడగలేదు.

అయాన్ టీసీ తీసుకోవద్దు. సముద్రం చూపిస్తానని వాడికి చెప్పింది నేనే, కనుక వాడికి నేనే చెప్పుకుంటాను, నువ్వు చెప్పకు. ఇరుగుపొరుగు అడిగితే కంపెనీ మూతపడిందని మాత్రం అనొద్దు, మా ఆయనే నోరు జారాడని చెప్పు. నువ్వు నెలల తరబడి కట్టుకున్న ఆశను ఒక్క మాటతో పడగొట్టానని నాకు తెలుసు. క్షమించమని అడగను, పెద్దాయన ఆ మాట మళ్లీ అడిగినా అదే చెబుతాను.

ఈ ఉత్తరం చదివి ఫోన్ చెయ్యకు. వచ్చే నెల ఇంటికొస్తున్నాను, తిట్టేదంతా దాచి ఉంచు, ఎదురుగా కూర్చుని వింటాను.

ఇట్లు,
నీ భర్త,
ఇక్రాముద్దీన్