నెబ్రాస్కాలో లైసెన్సు ఇప్పుడు నాది

డ్వేన్,

ఓవెన్‌లో మాంసం, బంగాళాదుంపలు ఉన్నాయి, వేడి చేసుకుని తిను. ఫోను మోగితే పేరు, నంబరు మాత్రం రాసుకో. పాలసీ గురించి ఒక్క ముక్క కూడా మాట్లాడకు. నీ పుట్టినరోజు నెల నిన్నటితో అయిపోయింది, దాంతోపాటే నీ బీమా ఏజెంటు లైసెన్సు గడువూ తీరింది. లైసెన్సు లేనివాళ్లు బీమా గురించి నోరు విప్పితే ఈ రాష్ట్రంలో చట్టం ఊరుకోదు.

లైసెన్సు పునరుద్ధరణకి కావలసిన తరగతులకు వెళ్లమని ప్రతిసారీ నీ వెంటపడేదాన్ని. ఈసారి చర్చి విందులో అందరి ముందూ, "లోర్నాని అడక్కండి, దానికి ఫోనెత్తడం తప్ప ఏమీ రాదు" అని నవ్వావు. ఆ రోజే నీకు గుర్తుచేయడం మానేశాను. నేనే కూర్చుని చదివాను. పరీక్ష పాసయ్యాను, వేలిముద్రలిచ్చాను, శుక్రవారం లైసెన్సు వచ్చింది.

ఇప్పుడు వర్లిన్ పొలానికి వెళ్తున్నాను, అతని మొక్కజొన్నకి వడగళ్ల బీమా రాయడానికి. అవును, ఇన్నాళ్లూ నీ దగ్గరే బీమా రాయించుకున్న నీ వర్లినే. "డ్వేన్ రాడా?" అని అడిగాడు. "ఇంట్లో ఫోన్లు చూసుకుంటాడులే" అన్నాను. చాలాసేపు నవ్వాడు.

లోర్నా

మరిచాను: ఆఫీసు బోర్డు మీద నీ పేరు చెరిపి నా పేరు రాయడానికి సాయంత్రం పెయింటర్ వస్తాడు. అతని నిచ్చెన ఊగుతుంది, కాస్త పట్టుకో.