కొట్టుగది తలుపు

కెర్కెన్నా దీవి,
శుక్రవారం.

నా భర్త తైయెబ్ గారికి మన్నూబియా సలాములు చెప్పి రాస్తున్నది. ఇక్కడ నేనూ పిల్లలూ అల్లా దయవల్ల బాగానే ఉన్నాం. మిస్రాతాలో ఆ సిమెంటు దుమ్ములో మీరూ ఆరోగ్యంగా ఉన్నారనీ, వేళకు తింటున్నారనీ అనుకుంటున్నాను.

మీరు అడిగినవాటికి ముందు జవాబులు. డాబా కారడం ఆగింది. మీ తమ్ముడు నూరీ దగ్గరుండి సున్నం కొట్టించాడు. మన హమ్‌దీ బళ్ళో లెక్కల్లో ఎలాగో గట్టెక్కాడు. మేక ఈనింది, రెండూ ఆడపిల్లలే. దగ్గుకు మీరు తాగుతున్న ఆ సీసా మందు మానేసి, వాము వేసి మరిగించిన నీళ్ళు తాగండి. ఇంకొకటి కూడా అడిగారు. దానికి జవాబు తర్వాత రాస్తాను.

ముందు మీ తమ్ముడి పెళ్ళాం సంగతి వినండి. నూరీ, సలువా వేసవికని స్ఫాక్స్ నుంచి వచ్చి నెల దాటింది. ఆ మహాతల్లి పట్నంలో ఏదో పత్రిక చదివిందట. "పాతవి పారెయ్యకూడదక్కా, వాటితో కొత్తగా ఏదైనా చెయ్యాలి" అంటూ ఇల్లంతా తిరగేసింది. అత్తగారు కుస్కుస్ ఆవిరి మీద ఉడికించే చిల్లుల కుండను తలకిందులుగా వేలాడదీసి లోపల బల్బు పెట్టింది. ఆ కన్నాల్లోంచి వెలుగు పడి నట్టింటి గోడకు మశూచి పోసినట్టుంది. రొట్టెల పిండి పిసికే చెక్కతొట్టిలో పెంటమట్టి పోసి పూలమొక్కలు నాటింది. మీ తాతగారి చెప్పులు గుమ్మం పక్కన మేకులు కొట్టి బిగించి, వచ్చిన ఉత్తరాలు వాటిలో దోపుతోంది. మీ ఉత్తరం కూడా చెప్పులోంచే తీసుకున్నాను. థూ! తీసి కొంగుతో తుడుచుకుని చదివాను.

పాతవాటిని వాడుకోవడం మనకు తెలియదా? పగిలిన కూజాలు సముద్రంలో వేసి ఆక్టోపస్‌లు పట్టేవాళ్ళం మనం. చిరిగిన వలలు కోళ్ళకు కంచె అవుతాయి, మీ చొక్కాలు పిల్లల లంగోటాలయ్యాయి. కానీ అవసరానికి చేయడం వేరు, వచ్చినవాళ్ళు చూసి మురిసిపోవాలని చేయడం వేరు. చూసినప్పుడల్లా నాకు ఒళ్ళు మండిపోయేది. అయినా చిన్నది కదా అని నోరు కట్టుకున్నాను.

పండగ రెండో రోజున మాత్రం నా నోరు ఆగలేదు. వాకిట్లో భోజనాలు పెట్టాం. మీ పెద్దనాన్న కొడుకులు, వాళ్ళ భార్యలు, మహబూబా పిన్ని, అందరూ వచ్చారు. సలువా కొత్త బల్ల వేసింది. పాత కుట్టుమిషను ఇనప కాళ్ళ మీద పొడుగాటి చెక్క, నూనె రాసి నిగనిగలాడించింది. అందరూ భలే ఉందంటున్నారు. నేను చేపల పళ్ళెం దించబోతూ ఆ చెక్కలో తాళం ఊడదీసిన కన్నం చూశాను. ఆ కన్నంలో ఉప్పు డబ్బా కుదురుగా కూర్చుంది.

అది మన కొట్టుగది తలుపు!

మీ ముత్తాత నాటి నుంచి మన ఇంట్లో ఎవరు పోయినా ఆ తలుపే ఊడదీసి, రాళ్ళ మీద ఆనించి, దాని మీదే ఆఖరి స్నానం చేయిస్తున్నారు. అత్తగారికీ దాని మీదే చేశారు. ఆ తర్వాత దాన్ని మళ్ళీ బిగించే మనసు ఎవరికీ రాక వెనక గోడకు ఆనించి వదిలేశాం.

"ఏమే సలువా, ఇది ఏ తలుపే?" అన్నాను.

"కొట్టుగదిది అక్కా. బాగోలేదా?"

"బాగుండటమా! దీని మీద ఎవరెవర్ని పడుకోబెట్టారో తెలుసుటే నీకు? పట్నందానివి, నీకేం తెలుస్తుందిలే! శవాల్ని కడిగిన చెక్క మీద మాకు కూడు పెడతావా? ఛీ ఛీ, అసహ్యం!"

పళ్ళెంలో చేతులు పళ్ళెంలోనే ఆగిపోయాయి. ఒకామె నోట్లోది కొంగులో ఊసేసింది. సలువా ఉప్పు డబ్బా తీసి ఒళ్ళో పెట్టుకుంది. మహబూబా పిన్ని ఒక్కతే తాపీగా ముల్లు తీసుకుంటూ తింటోంది. దీవిలో ఆడవాళ్ళు పోతే ఆఖరి స్నానం చేయించేది ఆవిడేగా.

"అసహ్యమేంటే నీ మొహం! ముప్పై ఏళ్ళుగా ఈ చెక్కను తోముతున్నది నేను. సబ్బూ, కర్పూరం, ఏడు బిందెల నీళ్ళు. నీ వంటింటి గట్టు ఎప్పుడైనా ఇంత శుభ్రంగా ఉందా?" అంది.

ఎవరో కిసుక్కున నవ్వారు. నాకు ఇంకా మండింది. "మీకు అలవాటు పిన్నీ, మాకు కాదు. దీనికి తెలీక చేసింది, తెలిసుంటే ముట్టుకునేదా?" అన్నాను.

"తెలీకపోవడమేంటే? ఆ రోజు నాతోపాటు నీళ్ళు పోసిందెవరనుకున్నావ్? ఇదే. పొద్దున్నే తొలి లాంచీ దిగి తిన్నగా వచ్చి చేతులు పైకి మడుచుకుంది. నువ్వెలా చూస్తావులే, మేకల పాకలో నక్కావుగా!"

చదివారుగా. మీకు నేను రాసినది అది కాదు. మీ అమ్మను నా చేతులతో కడిగానని రాశాను. అబద్ధం.

ఏడు నెలలు ఆవిడకు అన్నీ చేశాను, అది నిజం. వీపు మీద పుళ్ళు కడిగాను, పక్క గుడ్డలు ఉతికాను, వాంతులు ఎత్తాను. "నన్ను పరాయి చేతుల్లో పెట్టకే, నువ్వే కడుగు" అని ఆవిడ నా చేత మాట తీసుకుంది. ఆ తెల్లవారుజామున పోయాక దుప్పటి తీశాను. ఆ వాసనకు నాకు అసహ్యం వేసింది. ఏడు నెలలూ లేని అసహ్యం, బతికున్న మనిషి మీద ఎన్నడూ వేయనిది, ప్రాణం పోయిన నిమిషంలో వేసింది. బయటికి పరిగెత్తి పాకలో కక్కుకున్నాను. శవాన్ని మోసుకెళ్ళే జనాజా లేచేదాకా లోపలికి రాలేదు. ఆ తర్వాత ఊళ్ళో అందరూ "కోడలంటే నువ్వే" అన్నారు. నేను కాదనలేదు. పక్కనే ఉన్న సలువా కూడా కాదనలేదు. ఇప్పుడు నన్ను చూస్తే నాకే రోత పుడుతోంది.

అందరూ వెళ్ళాక దాన్ని అడిగాను, ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదని. "నువ్వు ఏడు నెలలు చేశావక్కా, నేను ఒక్క పూట చేశాను. చెప్పుకోడానికేముంది?" అంది. మరి బల్ల ఎందుకు చేశావే అన్నాను. "ఎండకి బీటలు తీస్తోందక్కా. అందరూ దాన్ని చూసి తప్పుకుపోతున్నారు. అత్తయ్యకి నలుగురి మధ్య కూచుని తినడమంటే ఎంత ఇష్టమో నీకు తెలీదా?" అంది. ఇద్దరం ఆ బల్ల దగ్గరే కూర్చుని ఏడ్చాం.

ఇక మీరు అడిగిన ఆ ఒక్కటి. ఆఖరి స్నానమప్పుడు అమ్మ ముఖం ఎలా ఉందని అడిగారు. నిద్రపోతున్నట్టు ఉందని కిందటి ఉత్తరంలో రాశాను కదా. నేను చూడలేదు. సలువాను అడిగి ఇప్పుడు రాస్తున్నాను. నోరు మూతపడలేదట, తన తలగుడ్డ విప్పి గడ్డం కింద కట్టిందట. కుడి కన్ను కొంచెం తెరుచుకునే ఉందట. జుట్టు మూడు జడలు అల్లి వెనక్కి వేసిందట. వేలికి మీ నాన్నగారి ఉంగరం బిగుసుకుపోతే సబ్బు రాసి మెల్లగా తీసిందట. అప్పుడు ఆవిడ చేయి ఇంకా వెచ్చగానే ఉందట.

ఇట్లు,
మీ అమ్మకు ఇచ్చిన మాట తప్పిన పెద్ద కోడలు,
మన్నూబియా.